నొప్పులు రాకముందే కొండ దిగాలి

కొండ గ్రామాల్లో తల్లీబిడ్డలు క్షేమంగా ఉండాలంటే ఇంకా ఆసుపత్రులు కట్టించాలా అని కొందరు నన్ను అడిగారు. అప్పటి విజయనగరం జిల్లా సాలూరు మండలంలో, కొండ మీది గూడెంలో పుట్టినదాన్ని నేను. కొత్త భవనం కన్నా ముందు, నొప్పులు మొదలుకాకముందే గర్భిణి కొండ దిగే ఏర్పాటు కావాలని నా గట్టి నమ్మకం.

2015 వానాకాలంలో ఒక అర్ధరాత్రి మా వదినకు నొప్పులు మొదలయ్యాయి. వెదురు కర్రకు దుప్పటి కట్టి, మా అన్నయ్యా మరో ముగ్గురూ డోలీ మోస్తుంటే నేను టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాను. 108 వాహనం రోడ్డు మీద నిలిచి ఉంది. దాని దీపాలు మాకు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగింది. ఆ ఒడ్డునే, వానకు కప్పుకునే ఆకుల గిడుగులు అడ్డుపెట్టుకుని, కాన్పు చేయవలసి వచ్చింది. తడిసిన చీర చెంగులోనే అమ్మ బిడ్డను చుట్టింది. వదినకు రక్తస్రావం ఆగలేదు. కాన్పు తర్వాతి రక్తస్రావం రెండు గంటల్లోనే ప్రాణం తీయగలదనీ, బిడ్డ పుట్టిన వెంటనే ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ దాన్ని చాలావరకు నివారిస్తుందనీ నాకు తర్వాత తెలిసింది. తెల్లవారుజామున నీరు తగ్గాక గెడ్డ దాటాం. రక్తం ఎక్కించాక వదిన బతికింది. బిడ్డ మూడో రోజున పోయింది.

వదిన గర్భిణి కార్డులో ప్రతి నెలా రక్తం (హిమోగ్లోబిన్) పది గ్రాములని రాసి ఉంది, వేలికి సూది గుచ్చి చూసింది మాత్రం ఒక్కసారే. ఐరన్ మాత్రలు 180 ఇచ్చినవారు, టీతో వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదన్న ఒక్క మాట చెప్పలేదు. వదిన రోజూ టీతోనే వేసుకునేది. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

2018లో పార్వతీపురం ఐటీడీఏ (గిరిజనుల అభివృద్ధి కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం సాలూరులో వసతి గృహం తెరిచింది. తర్వాతి కాన్పుకు వదినను అక్కడికి పంపుదామంటే మా అమ్మే ఒప్పుకోలేదు. అవి జీడిపిక్కలు ఏరే రోజులు. కోడలు దిగిపోతే ఏరేదెవరు, పెద్దపిల్లను చూసేదెవరు అన్నది. నేను సెలవు పెట్టి ఇరవై రోజులు గూడెంలో ఉన్నాకే వదిన కదిలింది. ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించారు.

మా ఆడవాళ్లు భయంతోనే ఆసుపత్రికి రారని పైవారు అనుకుంటారు. నేను చూసినంతలో, ఇల్లు విడిచిపెట్టలేకే రారు. ఆసుపత్రిలో కాన్పుకు ప్రభుత్వం ఇచ్చే జననీ సురక్ష సొమ్ము కాన్పు అయ్యాకే చేతికి వస్తుంది, కూలి పోయేది అంతకుముందు వారాల్లో. ఆ కూలి ముందే ఇవ్వాలి, పెద్దపిల్లలకు తల్లితోపాటే చోటు ఇవ్వాలి, ఆశా కార్యకర్త ఆరో నెలలోనే అత్తగారితో కూర్చుని మాట్లాడాలి. మీ ఊళ్లో ఎవరికైనా ఎనిమిదో నెల నడుస్తుంటే, ఈ వారమే ఆ ఇంటికి వెళ్లి, ఆమె లేని రోజుల్లో పిల్లలకు అన్నం ఎవరు పెడతారో అడగండి.