కలర్ పికర్ మాన్పించాలా, పూర్తి చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతోంది. పిల్లలు బ్లాకులు అతికించి ప్రోగ్రాములు రాసే 'బ్లాక్లీ' ఎడిటర్‌లో రంగు ఎంచుకునే కలర్ పికర్ పెడుతున్నానంటూ రోజూ రాత్రి దాంతోనే కూర్చుంటోంది. ఇంటర్నెట్‌లో చూసి చేసినా రావట్లేదని ఒక్కోసారి ఏడుపు మొహం పెడుతుంది. తోటి పిల్లలంతా ఏఐ కోర్సుల్లో చేరుతున్నారు. ప్లేస్‌మెంట్లు దగ్గర పడుతున్నాయి, నాకు టెన్షన్‌గా ఉంది. ఇది మాన్పించి కోర్సులో చేర్పించమంటారా? పైచదువులకైనా ఇది పనికొస్తుందా? – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మాన్పించకండి, పూర్తి చేయించండి. సగంలో వదిలేస్తే మాత్రం మీ భయమే నిజమవుతుంది. రెజ్యూమెలో రాసుకోవడానికి ఏమీ మిగలదు.

బ్లాక్లీ ఆషామాషీ సరుకు కాదండీ. గూగుల్ 2012లో విడుదల చేసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ అది, అంటే ఎవరైనా చూసి వాడుకోగలిగే రెడీమేడ్ కోడ్. బడి పిల్లలు వాడే స్క్రాచ్ 3.0, ఎంఐటీ యాప్ ఇన్వెంటర్, మైక్రోసాఫ్ట్ మేక్‌కోడ్ అన్నీ దాని మీదే నిలబడ్డాయి. మీ అమ్మాయి చేస్తున్నది పిల్లల ఆటలా కనిపించవచ్చు గానీ, ఆ ఆటను తయారు చేసేవాళ్లు ఇంజినీర్లే.

ఆ పికర్‌లో ఏముందో కొంచెం చెబుతాను. పైకి కనిపించేది బ్లాకు మీద చిన్న రంగు గడి. నొక్కితే రంగుల పట్టిక తెరుచుకుంటుంది, ఒకటి ఎంచుకుంటే గడి ఆ రంగుకు మారుతుంది. ఇంతవరకు ఎవరైనా ఒక పూటలో చేసేస్తారు. అసలు పని ఆ తర్వాతే ఉంది. ఎంచుకున్న రంగు లోపల హ్యాష్ గుర్తుతో మొదలయ్యే ఆరు అక్షరాల కోడ్‌గా ఉంటుంది. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి రెండేసి అక్షరాలు. ప్రోగ్రామును సేవ్ చేసి మర్నాడు తెరిస్తే అదే రంగు రావాలి. తప్పు కోడ్ ఇస్తే దాన్ని తోసిపుచ్చి పాత రంగునే ఉంచాలి. అన్‌డూ నొక్కితే వెనక్కి పోవాలి. ఇక బ్లాకుల నుంచి పైథాన్ కోడ్ పుట్టేటప్పుడు ఆ రంగు కోడ్ కొటేషన్ గుర్తుల మధ్య పడాలి. పడకపోతే, పైథాన్‌లో హ్యాష్ అంటే కామెంట్ కాబట్టి, ఆ వరుసలో దాని తర్వాత ఉన్నదంతా ఎగిరిపోతుంది. ఎర్ర గీత గీయించాలనుకున్న పిల్లవాడికి ఆ గీత రాదు, ఎందుకు రాలేదో తెలియదు. ఇలాంటి తప్పును తనంతట తాను పట్టుకుని సరిచేసిన అమ్మాయికి డీబగ్గింగ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

చూసి చేసినా రావట్లేదన్నారు కదా, దానికి ఒక కారణం ఇది కావచ్చు. రంగు ఫీల్డ్, అంటే బ్లాకు మీద ఆ రంగు గడి పెట్టే భాగం, ఒకప్పుడు బ్లాక్లీలోనే ఉండేది. 2024లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి దాన్ని తీసేసి వేరే ప్లగిన్‌గా, అంటే కావాలంటే విడిగా జోడించుకునే భాగంగా ఇచ్చారు. పాత పాఠాలు చూసి చేస్తే, ఆ ఫీల్డ్ రిజిస్టర్ కాలేదని, అంటే బ్లాక్లీకి అది తెలియదని, బ్రౌజర్‌లో తప్పులు చూపించే కన్సోల్‌లో హెచ్చరిక వస్తుంది. ముందు తన వెర్షన్ ఏదో చూసుకుని, ఆ వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే రిలీజ్ నోట్స్ చదవమనండి. ఉద్యోగంలో చేరాక సగం రోజులు చేసే పని అదే. ఆ రెడీమేడ్ ప్లగిన్ కోడ్ చదివి, తనది దానికంటే ఏ విషయంలో వేరుగా ఉండాలో తేల్చుకుంటే ఇంకా మంచిది. మౌస్ లేకుండా బాణం మీటలతో రంగు ఎంచుకోగలగడం, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లల కోసం ప్రతి రంగు మీదా దాని పేరు కనిపించడం నన్నడిగితే తప్పనిసరి.

ఇంటర్వ్యూ చేసేవాళ్లకు డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టులు ఇట్టే తెలిసిపోతాయి. 'ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్' అని రాసిన పిల్లల్ని రెండో ప్రశ్న అడగ్గానే తడబడతారు. మీ అమ్మాయిని 'సేవ్ చేసినప్పుడు రంగు ఎక్కడికి పోతుంది?' అని అడిగితే పది నిమిషాలు మాట్లాడుతుంది. అందుకని కోడ్ పెట్టి నలుగురికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో కోడ్, ఎవరైనా నొక్కి చూడగలిగే లింకు, ఎలా వాడాలో ఒక పేజీ వివరణ, ఈ మూడూ పెట్టించండి. ముందుగా మీరే వాడి చూడండి. మీకు అర్థం కాని చోటు ఎక్కడుందో చెబితే ఆమెకు చాలా మేలు చేసినవారవుతారు.

అయితే దీన్నే నమ్ముకుని కూర్చోమని నేను అనను. ఒకేసారి వందల మందిని తీసుకునే కంపెనీల మొదటి వడపోత ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షల్లోనే జరుగుతుంది. అక్కడ పికర్ ఎవరూ చూడరు. రోజూ ఉదయం ఒక గంట ఆప్టిట్యూడ్‌కు, ఒక గంట కోడింగ్ పరీక్షల్లో అడిగే డేటా స్ట్రక్చర్లకు కేటాయించమనండి, రాత్రిళ్లు పికర్ చేసుకోనివ్వండి. ఏఐ కోర్సు ఫీజు ఇప్పుడే కట్టకండి. బేసిక్స్ నేర్చుకోవడానికి ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ముందు అవి వినమనండి, నిజంగా ఆసక్తి ఉందో లేదో తేలిపోతుంది.

పికర్ పూర్తయ్యాక, కొత్తవాళ్లు ఓపెన్ సోర్స్ సంస్థల ప్రాజెక్టుల్లో పనిచేసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమానికి ప్రయత్నించవచ్చు. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లయితే చాలు, ఎంపికైతే స్టైపెండ్ ఇస్తారు. ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ గతంలో చాలాసార్లు అందులో పాల్గొంది. బ్లాకుల మీద పనిచేసిన పిల్లలకు ఆ ప్రాజెక్టులు బాగా కుదురుతాయి.

పైచదువులంటారా, మనుషులు స్క్రీన్‌ను ఎలా వాడతారన్న దాని మీదే ఆమె మనసుంటే ఎంటెక్ ఒక్కటే దారి కాదు. ఎం.డిజైన్ ఉంది. ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ బాంబే, గువాహటితో పాటు మన సంగారెడ్డి దగ్గర కంది క్యాంపస్‌లోని ఐఐటీ హైదరాబాద్‌కూ దరఖాస్తు చేయొచ్చు. బీటెక్ ఏ బ్రాంచి అయినా ఫరవాలేదు. పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది. అందులో బొమ్మలు గీయాల్సిన భాగం కూడా ఉంది కాబట్టి, పాత ప్రశ్నపత్రాలు ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి ఆమె చేతికివ్వండి. గీయడం ఇష్టమో కాదో తనే చెబుతుంది.