బోటు కొన్నావు సరే, బీమా మాటేమిటి అల్లుడూ?

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బోటును రిపేరుకి ఒడ్డుకు లాగే స్లిప్‌వే ఎక్కించి అడుగు చెక్కలు మార్పిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏ రంగు వేయాలి, ఏ అమ్మవారి పేరు పెట్టాలి అని ఇంటిల్లిపాదీ వాదులాడుకుంటున్నారట. కానివ్వండి. బీమా సంగతి అడిగితే మాత్రం "నిషేధం అయిపోయి వేట మొదలెట్టాక చూద్దాంలే" అన్నావని తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం, బోటు ఒడ్డునే ఉంటుంది, దానికేమవుతుందని కదా నీ ధీమా? 2023 నవంబర్ 19 రాత్రి మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటల్లో చిక్కిన నలభై దాకా బోట్లూ కట్టేసి ఉన్నవే. ఒకదాన్ని ఆనుకుని ఒకటి, లోపల డీజిలు, వంట గ్యాసు బండలు. ఒకదాని నుంచి ఇంకోదానికి పాకడానికి ఎంతసేపు? 2010లో లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20న, అదీ నిషేధం రోజుల్లోనే. వేటకు వెళ్లని రోజుల్లో బోటు ఇంకెవరి చేతిలోనో ఉన్నట్టు లెక్క. పక్క బోటులో ఎవరు ఏం వండుకుంటున్నారో నీకేం తెలుస్తుంది?

ఆ అగ్నిప్రమాదం తర్వాత ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇస్తామని ప్రకటించింది కదా అని నువ్వంటావు. అది ఆ రోజున, ఆ ప్రమాదానికి తీసుకున్న నిర్ణయం. ప్రతిసారీ వస్తుందని ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నదేమిటంటే, 2022లో సవరించిన కేంద్ర విపత్తు సాయం నిబంధనల్లో పూర్తిగా పోయిన పడవకు 15,000 రూపాయలు, పోయిన వలకు 4,000. నలభై లక్షలు పోసి కొన్న బోటుకి ఆ డబ్బుతో ప్రొపెల్లరు కూడా రాదు.

ఇక అసలు విషయం. నువ్వు కొన్నది సెకండ్‌హ్యాండ్ బోటు. అమ్మినాయన "పాలసీ ఇంకా కొన్ని నెలలుంది, అదీ నీదే" అని కాగితం నీ చేతిలో పెట్టాడట. ఆ కాగితం నీకు పనికిరాదు. బోటు చేతులు మారితే పాలసీ దానంతటది నీ పేరు మీదికి రాదు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నష్టం జరిగిన రోజున బోటు మీద హక్కు ఎవరిదో వాళ్లకే క్లెయిము, ఇది 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో ఉన్న మాట. అంటే అమ్మినాయనకు పాలసీ ఉంది, బోటు లేదు. నీకు బోటు ఉంది, పాలసీ లేదు. మధ్యలో మునిగితే ఇద్దరికీ పైసా రాదు. ముందు మత్స్యశాఖ ఆఫీసుకెళ్లి రిజిస్ట్రేషనూ లైసెన్సూ నీ పేరు మీదికి మార్పించు. ఆ కాగితాల మీద ఉన్న పేరే, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా పాలసీ మీద ఉండాలి.

విలువ దగ్గర మనవాళ్లు చేసే పని ఒకటి నాకు ఒళ్లు మండిస్తుంది. ప్రీమియం తగ్గుతుందని నలభై లక్షల బోటుని ఇరవై లక్షలకి రాయిస్తారు. విలువ ముందుగా ఖాయం చేసుకోని పాలసీ అయితే, బోటుకి ఎనిమిది లక్షల దెబ్బ తగిలినప్పుడు కంపెనీ లెక్క ఇలా ఉంటుంది: సగానికే బీమా చేశావు, మిగతా సగానికి నువ్వే బీమా కంపెనీవి, కాబట్టి మా వంతు నాలుగు లక్షలు. చట్టం కూడా వాళ్ల పక్షమే. అందుకని పాలసీలో బోటు వివరాలుండే షెడ్యూలు పేజీలో "ఒప్పుకున్న విలువ" అని స్పష్టంగా వేయించు. అలా వేశాక, మోసం ఉంటే తప్ప, బోటు అంత చేయదని తర్వాత వాదించడానికి వాళ్లకు వీలుండదు.

బ్యాంకు లోను ఉంది కాబట్టి పాలసీ బ్యాంకే చేయిస్తుందని నిశ్చింతగా ఉన్నట్టున్నావు. ఎంతకు చేయిస్తుందో అడిగావా? చాలాసార్లు లోను మొత్తానికే చేయిస్తారు. పాలసీ మీద బ్యాంకు పేరు ఉంటుంది కనుక డబ్బు ముందు వాళ్లకే పోతుంది. బోటు పోయాక వాళ్ల అప్పు తీరుతుంది, నువ్వు పెట్టిన సొంత డబ్బు, మీ అమ్మ కుదువపెట్టిన పుస్తెలతాడు సముద్రంలోనే ఉంటాయి. బోటు పూర్తి విలువకు రాయించమని బ్యాంకులో గట్టిగా అడుగు. ఎక్కువయ్యే ప్రీమియం నేను కట్టుకుంటానని చెప్పు. మొహమాటపడకు.

పాలసీల్లో ప్రధానంగా రెండు రకాలు. బోటు మొత్తంగా పోతేనే డబ్బిచ్చేది ఒకటి, దెబ్బతిన్నా రిపేరు ఖర్చు ఇచ్చేది రెండోది. మొదటిది చవక. అప్పులేని, వయసైపోయిన కర్ర బోటుకి అది చాలు. అలాంటి బోటుకి రెండో రకం అడిగినా కంపెనీలు మూతి ముడుస్తాయి. నీకు మాత్రం రెండోదే తీసుకోమంటాను. అప్పు ఉన్నవాడికి బోటు మునగడం ఒక్కటే ప్రమాదం కాదు, నాలుగు నెలలు రిపేరులో ఉన్నా వాయిదాలు ఆగవు. యారాడ కొండ కింద రాళ్లెక్కిన బోటు సంగతి చూడు. మునగలేదు, కళ్లెదుటే ఉంది. కానీ లాగి, బాగుచేయడానికి అయ్యే ఖర్చు దాని విలువను మించుతుంది. చట్టం ప్రకారం అదీ మొత్తం పోయినట్టే. అయితే బోటును వదిలేస్తున్నామని కంపెనీకి వెంటనే నోటీసు ఇవ్వాలి. తెలియనివాళ్లు నోటీసు ఇవ్వరు, పైగా కంపెనీ తరఫున నష్టం చూసే సర్వేయరు రాకముందే ఇంజను ఊడదీసి అమ్మేస్తారు. ఆ తర్వాత లబోదిబోమన్నా ఎవరూ వినరు.

ఎక్సెస్ అని ఒకటుంటుంది, ప్రతి ప్రమాదంలో మొదటి ఇంత మొత్తం నీదే అని. అది కాస్త ఎక్కువున్నా పెట్టుకో, ప్రీమియం దిగుతుంది. చిన్నాచితకా రిపేర్లకు క్లెయిము పెట్టేవాడు బాగుపడ్డది నేను చూడలేదు.

ఏవి రావో ఇప్పుడు చెబుతాను, నువ్వు పాలసీలో మొదట చదవాల్సింది ఆ పేజీయే. అరిగిపోయినవి, పుచ్చిపోయినవి రావు. కర్రను తొలిచే పురుగు, ఎలుకలు చేసిన నష్టం రాదు. ఎలుకల మాట నేను కల్పించింది కాదు, సాక్షాత్తూ చట్టంలోనే ఉంది! ఇంజను దానంతటది పాడైతే రాదు. వలలు, తాళ్లు, ఐసు, డీజిలు, పట్టిన చేప మామూలుగా రావు. వల లక్షల్లో ఉంటుంది కాబట్టి దానికి విడిగా కవరు ఇస్తారేమో అడుగు. బోటు నడిపే సరంగు అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం సాధారణంగా వస్తుంది, యజమాని కావాలని చేసింది రాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. బోటు బాగోలేదని నీకు తెలిసీ పంపితే, ఆ లోపం వల్ల జరిగిన నష్టం నీ నెత్తినే. "నీళ్లు బాగా ఊరుతున్నాయి, పంపు లాగట్లేదు" అని సరంగు వాట్సాప్‌లో పెడితే, "ఈ ట్రిప్పు కానియ్" అని నువ్వు జవాబిచ్చావనుకో, ఆ మెసేజీ చాలు కంపెనీకి. తుఫాను హెచ్చరిక ఉండగా బోటు కదిలినా ఇదే తిప్పలు.

తిరిగే హద్దులు కూడా చూడు. మన బోట్లు రొయ్య కోసం బెంగాల్ తీరాన హుగ్లీ నది ముఖం దగ్గరి శాండ్‌హెడ్స్ దాకా పోతాయి. పాలసీలో ఆంధ్రా తీరం అని మాత్రమే రాస్తే అక్కడ జరిగింది నీదే. ఇంకో దేశం వాళ్లు బోటును పట్టుకుపోతే మామూలు పాలసీలో రాదు. మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు గుజరాత్ బోట్లెక్కి 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. మనుషులు తిరిగొచ్చారు, అదే పదివేలు. జీపీఎస్ బాగుందో లేదో ప్రతి ట్రిప్పుకీ చూసుకోమని నేను పోరేది అందుకే.

సర్వేయరు గురించి చెప్పాలి. పాలసీ ఇచ్చే ముందు వస్తాడు, చిన్న సుత్తితో చెక్కలన్నీ కొట్టుకుంటూ పోతాడు. గట్టి కర్ర టంగుమంటుంది, పుచ్చింది మెత్తగా పలుకుతుంది. తర్వాత ఇంజను గదిలోకి దిగి, నంబరు పలక మీద నూనె తుడిచి, తెల్లకాగితం అద్ది పెన్సిలుతో రుద్దుతాడు. నంబరు కాగితం మీద తేలుతుంది. అది ఫైల్లోకి పోతుంది. మన జెట్టీలో ఒకాయన సీజను మధ్యలో ఇంజను మార్చాడు. పాతదాని కంటే మంచిదే పెట్టాడు. కంపెనీకి మాత్రం చెప్పలేదు. భీమిలి ఎదర బోటు తిరగబడింది, ఒడ్డుకి లాక్కొచ్చారు. సర్వేయరు మళ్లీ అదే కాగితం, అదే పెన్సిలు. రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి ఆయన వైపు చూశాడు. ఆ ఫైలు నెలల తరబడి టేబుళ్ల మీద తిరిగి, చివరికి ఆయన అడిగినదాంట్లో సగం కూడా రాలేదు. ఒక ఉత్తరం రాసి, ముద్ర వేయించుకుని ఉంటే సరిపోయేది. ఇంజను మార్చినా, డెక్కు పెంచినా, వేరే రకం వేటకు మారినా రాసిచ్చి రసీదు తీసుకో. అడగలేదు కదా అని చెప్పకుండా ఉండకు. సముద్రం బీమాలో అడగకపోయినా చెప్పాల్సిన బాధ్యత నీదే.

బోటులో పనిచేసే కళాసీల మాట మర్చిపోకు. బోటు పాలసీలో మనుషుల ప్రాణాలకు కవరు ఉందని అనుకోవద్దు. కేంద్రం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన (పీఎంఎంఎస్‌వై) కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఇస్తోంది. చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షికమైతే రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. కానీ పేరు నమోదై ఉండాలి. నీ బోటెక్కే ప్రతివాడి పేరూ ఉందో లేదో మత్స్యశాఖలో నువ్వే కనుక్కో, వాళ్లను పొమ్మంటే పోరు. దానికి తోడు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది, 2 లక్షల ప్రమాద బీమా. అందరికీ నువ్వే కట్టు. ఒక ట్రిప్పు టీ ఖర్చు కాదు అది. ఎవరెవరు ఎక్కారో రాసిన జాబితా ప్రతిసారీ ఒడ్డున ఇంట్లో ఉంచు. మనిషి సముద్రంలో పడి దొరక్కపోతే, ఆ ఇంటివాళ్లకు వాడు బోటెక్కాడని రుజువు చేయడమే పెద్ద కష్టం అవుతుంది.

మన తాడు తెగి మన బోటు పక్కవాడి బోటును గుద్దితే దానికి కవరు ఉందా అని కూడా అడుగు. హార్బర్‌లో ఇవి రోజూ జరిగేవే.

ప్రమాదం జరిగితే ముందు మనుషులు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, బోటు నడిపే గది, వీల్‌హౌస్‌లో పెయింటుతో రాయించు. తర్వాత అదే రోజు కంపెనీకి ఫోనూ, మెయిలూ. ఫోను ఒక్కటీ చాలదు. మెరైన్ పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు, మత్స్యశాఖకు కాపీ. బోటును ఇంకా పాడవకుండా కాపాడటం నీ పని, దానికి తగుమాత్రం అయ్యే ఖర్చు అడగొచ్చు కాబట్టి లాగిన బోటువాడి దగ్గర, పంపు అద్దెకిచ్చినవాడి దగ్గర చీటీ రాయించుకో. ఫొటోలు అన్ని వైపుల నుంచీ తీయించు. సర్వేయరు వచ్చేదాకా పగిలిన చెక్క కూడా పారేయకు.

కంపెనీల్లో ఏది మంచిదని అడుగుతావు. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్, ఈ నాలుగు సర్కారు కంపెనీల దగ్గరా అడుగు. ఏ ఆఫీసులో బోట్ల క్లెయిములు చూసిన అలవాటున్న మనిషి ఉన్నాడో అక్కడికి పో. రెండు వేలు తక్కువని బోటంటే ఏమిటో తెలియని చోట తీసుకోకు. ఏజెంటు నోటిమాటగా "అన్నీ వస్తాయి సార్" అంటే, "ఆ ముక్క కాగితం మీద రాసివ్వు" అను. రాసిస్తే సరే, నవ్వి తప్పించుకుంటే నీకు జవాబు దొరికినట్టే.

ఇంకొక్కటి, ఇది ఈ వారమే చెయ్యి. బోటు స్లిప్‌వే మీద ఉండగానే సర్వేయర్ని పిలిపించు. నీళ్లలోకి దించాక అడుగు చూడాలంటే మళ్లీ ఎక్కించాలి, ఆ ఖర్చు నీదే. చెక్కలు మార్చిన వడ్రంగి బిల్లు, కర్ర కొన్న బిల్లు ఫైల్లో పెట్టి ఉంచు, కొత్త అడుగని చెబితే విలువ ఖాయం చేసేటప్పుడు పనికొస్తాయి. పాలసీ చేతికి రాగానే అన్ని పేజీలూ ఫొటో తీసి నాకు పంపు, చిన్నక్షరాల పేజీ కూడా. అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకునైనా చదువుతాను.

ఇట్లు,
మీ మావయ్య