ఏఐకి మీ వర్కౌట్ లాగ్ చూపించాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: రెండేళ్లుగా ప్రతి సెట్టూ యాప్‌లో రాస్తున్నాను. నా స్క్వాట్ పెరుగుతోందా, ఆగిపోయిందా అని ఏఐని అడగాలని ఉంది. ప్రోగ్రామింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జ: యాప్ నుంచి సీఎస్‌వీ ఫైల్ (పట్టిక రూపంలోని డేటా) దించుకుని చాట్‌లో పెట్టండి. ఏపీఐ (వేరే ప్రోగ్రామ్‌లు యాప్ డేటా తీసుకునే దారి), సర్వర్, కీ (ఆ దారి తెరిచే రహస్య కోడ్) అనే గొడవంతా మొదటి రోజే నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. హెవీ, స్ట్రాంగ్ లాంటి యాప్‌లలో డేటా ఎక్స్‌పోర్ట్ సౌకర్యం సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఆ ఫైల్‌లో ఒక్కో వరుస ఒక్కో సెట్: తేదీ, వ్యాయామం పేరు, సెట్ నంబరు, బరువు, రెప్స్. ఎక్సెల్‌లో తెరిచి స్క్వాట్ వరుసలు మాత్రం ఉంచి మిగతావి తీసేస్తే ఇంకా మంచిది. ఇక ప్రశ్న ఇలా ఉండాలి: "బరువులు కిలోల్లో ఉన్నాయి. వార్మప్ సెట్లు వదిలెయ్. ప్రతి వారం బెస్ట్ సెట్ ఏదో పట్టిక వెయ్యి. లెక్కంతా కోడ్ నడిపి చెయ్యి." ఆ చివరి వాక్యం మరవకండి. వందల వరుసల్ని ఊరికే చదివి కూడమంటే భాషా మోడల్ తప్పులో కాలేస్తుంది, పైగా ఆ తప్పును ఎంతో ధీమాగా చెబుతుంది.

వారం వారం ఫైల్ దించడం విసుగనిపించినా, ఏఐ వేసిన ప్లాన్ తిరిగి యాప్‌లోకే వెళ్లాలనుకున్నా అప్పుడు కనెక్షన్ సంగతి చూడండి.

ప్ర: ఎంసీపీ సర్వర్ పెట్టుకుంటే ఏఐ నేరుగా యాప్‌లోంచి చదువుతుందని విన్నాను. కంప్యూటర్‌లో క్లాడ్ యాప్ వేసుకుని, చెప్పినవన్నీ చేశాను. సర్వర్ పేరు పక్కన "ఫెయిల్డ్" అనే వస్తోంది. ఏం తప్పు చేశానో చెప్పగలరు.

జ: ఎంసీపీ, అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, 2024 నవంబర్‌లో క్లాడ్ తయారీ సంస్థ ఆంత్రోపిక్ విడుదల చేసిన ఓపెన్ స్టాండర్డ్. ఏఐకీ యాప్‌కీ మధ్యలో ఉండే సర్వర్ అనే చిన్న ప్రోగ్రామ్, "వర్కౌట్లు తీసుకురా", "రొటీన్ రాయి" లాంటి పనులను టూల్స్‌గా ఏఐకి అందిస్తుంది. ఏఐ టూల్ పేరు పిలుస్తుంది, ఆ ప్రోగ్రామ్ మీ కీతో యాప్ ఏపీఐ దగ్గరికి వెళ్లి డేటా తెస్తుంది. హెవీలో అయితే ఆ కీ ప్రో చందాదారులకే దొరుకుతుంది.

మీది ఎక్కడ ఆగిందో ఈ వరుసలో చూడండి. సెట్టింగ్స్‌లో డెవలపర్ విభాగానికి వెళ్లి ఎడిట్ కాన్ఫిగ్ నొక్కితే ఒక జేసన్ ఫైల్ (పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్ ఫైల్) దొరుకుతుంది. అందులో కమాండ్ దగ్గర ఎన్‌పీఎక్స్ (ప్యాకేజీలను దించి నడిపే ఆదేశం, నోడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది), ఆర్గ్స్ దగ్గర ప్యాకేజీ పేరు, ఎన్వ్ దగ్గర కీ ఉండాలి. చివరి అంశం తర్వాత ఒక్క కామా ఎక్కువున్నా ఫైల్ మొత్తం చెల్లదు. విండోస్‌లో ఫోల్డర్ దారి రాస్తే బ్యాక్‌స్లాష్ ఒకటి కాదు, రెండేసి రాయాలి. ఫైల్ మార్చాక విండో మూసేస్తే చాలదు, యాప్ వెనకాల నడుస్తూనే ఉంటుంది. పూర్తిగా క్విట్ చేసి మళ్లీ తెరవండి.

అయినా ఫెయిల్డ్ అంటే సర్వర్ లాగ్స్ (ఏం జరిగిందో రాసిపెట్టే చిట్టా) తెరవండి. అందులో "ఈనోఎంట్" అనే మాట కనిపిస్తే ఎన్‌పీఎక్స్ దొరకలేదని అర్థం. టెర్మినల్‌లో చక్కగా నడిచేది ఇక్కడెందుకు నడవదంటే, ఐకాన్ నొక్కి తెరిచిన యాప్‌కు మీ టెర్మినల్ పాత్ (ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా) తెలియదు. ఎన్‌వీఎమ్ (నోడ్ వెర్షన్లు మార్చే సాధనం)తో నోడ్ వేసుకున్నవాళ్లకు తరచూ ఎదురయ్యే తలనొప్పి ఇది. మ్యాక్‌లో "విచ్ ఎన్‌పీఎక్స్", విండోస్‌లో "వేర్ ఎన్‌పీఎక్స్" అని కొట్టి, వచ్చిన పూర్తి దారిని కమాండ్ దగ్గర పెట్టండి. అక్కడితో సగమే అయింది. ఎన్‌పీఎక్స్ నడవాలంటే నోడ్ కావాలి, అదీ అదే పాత్‌లో వెతుక్కుంటుంది. అందుకే ఎన్వ్ భాగంలో పాత్ అనే పేరుతో ఆ ఫోల్డర్‌ను కూడా చేర్చండి. విండోస్‌లో ఇంకా మొరాయిస్తే కమాండ్‌గా సీఎమ్‌డీ పెట్టి, స్లాష్ సీ, ఎన్‌పీఎక్స్ రెండింటినీ ఆర్గ్స్‌లోకి జరపండి.

కాన్ఫిగ్ ఫైల్ సరిగ్గానే ఉన్నా సర్వర్ లాగ్‌లో "జేసన్ అర్థం కాలేదు" అన్న ఫిర్యాదు ఉంటే దోషం మీది కాదు. లోకల్ సర్వర్ ఏఐతో మాట్లాడేది స్టాండర్డ్ అవుట్‌పుట్ (ప్రోగ్రామ్ తన జవాబులు పంపే మార్గం) మీదుగానే. సర్వర్ రాసినవాళ్లు అదే దారిలో "సర్వర్ మొదలైంది" లాంటి సందేశం ప్రింట్ చేస్తే మాటలో మాట కలిసిపోతుంది. అలాంటి సందేశాలు స్టాండర్డ్ ఎర్రర్‌కు వెళ్లాలి. 401 (కీ చెల్లలేదనే ఎర్రర్) కనిపిస్తే మాత్రం కీనే అనుమానించండి. కాపీ చేసేటప్పుడు చివర ఖాళీ చోటు అతుక్కుని ఉండొచ్చు.

ప్ర: జిమ్‌లో ఫోన్ నుంచి అడిగితే ఆ టూల్స్ కనిపించడం లేదు.

జ: కనిపించవు. ఆ ప్రోగ్రామ్ నడుస్తున్నది మీ కంప్యూటర్‌లో. ఫోన్‌లో కావాలంటే ఇంటర్నెట్‌లో అడ్రస్ ఉన్న రిమోట్ సర్వర్‌ను కనెక్టర్‌గా చేర్చాలి. అక్కడ లోకల్‌హోస్ట్ (సొంత కంప్యూటర్‌నే సూచించే) అడ్రస్ ఇచ్చినా పనిచేయదు, ఎందుకంటే ఆ పిలుపు మీ ఇంటి నుంచి కాదు, ఏఐ కంపెనీ సర్వర్ల నుంచి వెళ్తుంది. ముక్కూమొహం తెలియని వాళ్లు నడిపే రిమోట్ సర్వర్‌కు మీ కీ ఇవ్వడమంటే ఇంటి తాళం ఇచ్చినట్టే. అధికారిక కనెక్టర్ లేకపోతే ఫోన్ ముచ్చట వదులుకోమనే మా సలహా.

ప్ర: కనెక్ట్ అయింది. కానీ నేను మొత్తం పది వర్కౌట్లే చేశానంటోంది! రెండు వందలు దాటాయి.

జ: అది చూసింది మొదటి పేజీ మాత్రమే. ఏపీఐలు డేటాను పేజీలుగా ఇస్తాయి. హెవీలో ఒక పేజీకి గరిష్ఠంగా 10 వర్కౌట్లు. 200 కావాలంటే 20 సార్లు పిలవాలి, ఏఐ ఒకసారి పిలిచి తృప్తి పడిపోయింది. "ముందు మొత్తం సంఖ్య కనుక్కో, తర్వాత అన్ని పేజీలూ తెప్పించు" అనండి. కానీ అన్నీ తెప్పిస్తే ఇంకో చిక్కు: వర్కౌట్‌కు 6 వ్యాయామాలు, ఒక్కోదానికి 4 సెట్లు అనుకున్నా 200 వర్కౌట్లకు 4,800 సెట్లు. అదంతా చాట్‌లోకి వచ్చి పడితే మొదట్లో మీరు చెప్పిన షరతులు మరుగున పడతాయి. కాబట్టి ఒక వ్యాయామం, చివరి 8 వారాలు అని హద్దు పెట్టి అడగండి. పాత చరిత్రంతా కావాలంటే సీఎస్‌వీయే మేలు.

తేదీలు కూడా ఒకసారి సరిచూడండి. ఏపీఐ సమయాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఇస్తే, దానికన్నా ఐదున్నర గంటలు ముందుండే ప్రాంతంలో తెల్లవారుజాము 5:00కి చేసిన వర్కౌట్ ముందు రోజు రాత్రి 11:30గా కనిపిస్తుంది. సోమవారం లెగ్స్ ఆదివారం ఖాతాలో పడిపోతాయి.

ప్ర: బలం పెరుగుతున్నట్టు నాకే తెలుస్తోంది. ఏఐ మాత్రం "మీ స్క్వాట్ సగానికి పైగా తగ్గింది" అంటోంది. ఎవరిని నమ్మాలి?

జ: మీ లాగ్‌ని నమ్మండి. ఏఐ చూసింది వాల్యూమ్ (బరువు × రెప్స్ × సెట్లు) అయ్యుంటుంది. గత నెల 60 కిలోలతో 8 రెప్స్, 3 సెట్లు చేశారనుకోండి: 60×8×3 = 1,440. ఈ నెల 70 కిలోలతో 3 రెప్స్, 3 సెట్లు: 630. సగం కన్నా తక్కువే మరి. అదే ఎప్లీ సూత్రంతో, అంటే బరువు × (1 + రెప్స్/30) లెక్కతో ఒక రెప్ గరిష్ఠాన్ని అంచనా వేస్తే మొదటిది 76 కిలోలు, రెండోది 77. తగ్గలేదు. "బలం" అని వదిలేయకుండా ఏ కొలత కావాలో మీరే చెప్పాలి. రెప్స్ 10 దాటితే ఈ సూత్రం అంచనా అంతగా నిలవదు, 15 రెప్స్ సెట్లతో గరిష్ఠం లెక్క కట్టించకండి.

వార్మప్‌లు కలిసిపోతే ఇంకో రకం తప్పు వస్తుంది. 20, 40, 60 కిలోల సెట్ల సగటు 40. అది మీరు పనిగా ఎత్తిన బరువు కాదు. యాప్‌లో వార్మప్ అని గుర్తు పెట్టకపోతే ఏఐకి తేడా తెలిసే దారి లేదు. డంబెల్స్‌కు చేతికి 20 రాస్తున్నారా, రెండూ కలిపి 40 రాస్తున్నారా అన్నదీ ముందే చెప్పండి. ఇంకొకటి, ఏపీఐ కిలోల్లో ఇచ్చిన 60ని ఏఐ పౌండ్లనుకుని మళ్లీ మార్చిందంటే 27.2 అవుతుంది. ఎక్కడైనా అంకె సగానికి దిగువకు పడితే ముందు యూనిట్‌నే చూడండి.

ప్ర: కొత్త ప్లాన్ రాయమంటే నా పాత రొటీన్‌లో సగం వ్యాయామాలు మాయమయ్యాయి. పైగా స్క్వాట్ రెండు పేర్లతో కనిపిస్తోంది.

జ: చాలా ఏపీఐలలో అప్‌డేట్ అంటే పాతదాన్ని తీసి, పంపినదాన్ని ఆ చోట పెట్టడం. ఏఐ మార్చిన మూడు వ్యాయామాలే పంపితే మిగిలేవి ఆ మూడే. మొదట ఉన్న రొటీన్‌ను చదివించండి, తర్వాత "దీన్ని ముట్టుకోకుండా కొత్త పేరుతో ఇంకొకటి చెయ్యి" అనండి. యాప్ లోపల వ్యాయామాన్ని గుర్తుపట్టేది పేరు కాదు, ఐడీ. సరిగ్గా ఆ పేరు దొరక్కపోతే ఏఐ కొత్త వ్యాయామం సృష్టించేస్తుంది, అక్కడి నుంచి మీ చరిత్ర రెండుగా చీలిపోతుంది. ముందు వ్యాయామాల జాబితా తెప్పించి, అందులోని ఐడీలే వాడమనండి.

టూల్ వాడే ముందు వచ్చే అనుమతి పెట్టెలో చదివే టూల్స్‌కు "ఎప్పుడూ" ఇచ్చినా ఫర్వాలేదు. రాసేవాటికి ప్రతిసారీ ఒక్కసారికే ఇవ్వండి.

ప్ర: స్ట్రావా పరుగుల డేటా కూడా ఇలాగే కలపొచ్చా?

జ: అక్కడ నిబంధనలే అడ్డం. 2024 నవంబర్‌లో స్ట్రావా తన ఏపీఐ ఒప్పందం మార్చి, ఏపీఐ ద్వారా తీసుకున్న డేటాను ఇతర యాప్‌లు ఏఐ మోడళ్లలో వాడకూడదంది. ఏ టూల్ కలిపే ముందైనా ఇప్పుడు అమల్లో ఉన్న ఒప్పందం చదవండి. మీ ఖాతా నుంచి మీ డేటా మొత్తాన్ని ఆర్కైవ్‌గా దించుకోవచ్చు, అందులో యాక్టివిటీల సీఎస్‌వీ ఉంటుంది.

ప్ర: తొందరలో కీని చాట్‌లోనే అతికించాను. ప్రమాదమా?

జ: ఇప్పుడే యాప్ సెట్టింగ్స్‌లో ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి. చాట్ చెరిపినంత మాత్రాన కీ చెల్లకుండా పోదు. కొత్తది కాన్ఫిగ్ ఫైల్‌లో మాత్రమే ఉండాలి, ఆ ఫైల్ స్క్రీన్‌షాట్ సాయం కోసమైనా ఎవరికీ పంపకండి. పనిలో పనిగా ఆర్గ్స్‌లో ప్యాకేజీ పేరు పక్కన వెర్షన్ నంబరు కూడా రాసేయండి. ఆ ప్యాకేజీలు చాలావరకు ఔత్సాహికులు రాసినవి, నంబరు లేకపోతే రేపటి కొత్త వెర్షన్ మీకు తెలియకుండానే దిగి, అదే కీతో పని మొదలుపెట్టొచ్చు.