ధాన్యం కలిసి అమ్మే ముందు అడగాల్సినవి

చిరంజీవికి, ఆశీస్సులు.

సంఘంగా ధాన్యం అమ్మాలని కొందరు, ఎవరి సరుకు వాళ్లే అమ్ముకోవాలని కొందరు పట్టుబడుతున్నారని రాశావు. ఎటు చెయ్యెత్తాలో నేను చెప్పను బాబూ. ఎత్తే ముందు ఏం అడగాలో చెప్తాను.

మొదట అడ్వాన్స్ సంగతి. సరుకు దింపగానే సంఘం కొంత ఇస్తుంది, అంతా అమ్ముడయ్యాక ఖర్చులు పోను మిగిలింది పంచుతుంది. ఆ మొదటి డబ్బు ఎక్కువిస్తేనే మంచి సంఘమని అందరూ అనుకుంటారు. కెనడా పశ్చిమ రాష్ట్రాల గోధుమ రైతులు 1923, 1924లలో సొంతంగా ఇలాంటి సంఘాలు పెట్టుకున్నారు. 1929 పంటకి గట్టి అడ్వాన్సే ఇచ్చారు. తర్వాత ధర కూలి, ఇచ్చినంత కూడా అమ్మకంలో రాలేదు. బ్యాంకుల బాకీకి రాష్ట్ర ప్రభుత్వాలు పూచీ పడాల్సి వచ్చింది. అందుకే అడ్వాన్స్ తక్కువని కోప్పడకు. ధర పడితే నష్టం ఎవరి మీద పడుతుందో అడుగు.

రెండోది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. ఒకప్పుడు నేను చేరిన సంఘంలో, బయట ధర పెరిగిన రోజున మంచి గింజ వ్యాపారి లారీ ఎక్కేది, తేమా తాలూ ఉన్నది మా గోదాముకి వచ్చేది. అంతా ఒకే కుప్ప పోసి ఒకే రేటు కట్టాం. ఎండబెట్టి తెచ్చినవాడికీ, తడిగా తెచ్చినవాడికీ అదే డబ్బు. రెండు పంటలు తిరిగేసరికి మంచి రైతులు వెళ్లిపోయారు. వాళ్లది తప్పని నేనెప్పుడూ అనలేదు. కెనడాలో 1943 నుంచి 2012 దాకా పశ్చిమ రైతులు గోధుమను కెనడా గోధుమ బోర్డు అనే సంస్థ ద్వారానే అమ్మాలని, ఇలా బయటికి పోకుండా, చట్టం ఉండేది. సరిహద్దు దాటించి అమ్మి, జరిమానా కట్టబోమని జైలుకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. మీకు అలాంటి చట్టం లేదు, ఉండాలనీ నేను కోరను. కాబట్టి ఎవరు ఎంత సరుకిస్తారో ముందే కాగితం మీద రాయించండి. తేమ మీటరు పెట్టి గ్రేడుకో రేటు కట్టండి. ఇవి కుదరవంటే చేరకు.

బయట అమ్మితే డబ్బు త్వరగా వస్తుంది. అప్పు వాయిదా నెత్తిమీద ఉన్నవాడికి అది చిన్న విషయం కాదు. కానీ కోతలప్పుడు సరుకంతా ఒకేసారి వచ్చిపడి ధర తగ్గుతుంది. ఆగుదామంటే వడ్లు 14 శాతం తేమకి ఆరాలి. 18 శాతం తేమున్న క్వింటా అక్కడికి వచ్చేసరికి దాదాపు 95 కిలోలే ఉంటుంది. తర్వాత వచ్చే రేటు ఆ తరుగునీ, గోదాము అద్దెనీ, వడ్డీనీ మించాలి.

సంఘంలో చేరితే మాత్రం, మొదటి ఏడు అప్పుకి కావలసినంత బయట అమ్ముకో, మిగతాది సంఘానికియ్యి. మీటింగ్‌కి గత మూడు పంటల తూకం చీటీలు పట్టుకెళ్లు. కమీషన్, హమాలీ, లారీ కిరాయి పోగా క్వింటాకి నికరంగా ఎంత మిగిలిందో ఈ రాత్రే లెక్క కట్టి, ఆ అంకె నాకు రాయి.