ఆ ఆరు సీసాలను ఎప్పుడు తెరవాలంటే

చిరంజీవి అల్లుడికి,

బోర్డో నుంచి మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. పోయాక్ గ్రామం, 2016 పంట, చెక్కపెట్టెలో ఆరు ఎర్ర వైన్ సీసాలు. డబ్బు గట్టిగానే పెట్టావు, కానీ దండగ కాలేదు. పెట్టెకు కొట్టిన మేకులు కూడా తీయకుండా పదిహేనేళ్లు దాచేస్తానని రాశావు చూడు, అదొక్కటే నాకు నచ్చలేదు. ఒక సీసా ఈ చలికాలంలోనే తెరువు. వయసులో ఉన్నప్పటి రుచి ఎరగకుండా ముదిరాక తాగితే, ఏం మారిందో నీకెలా తెలుస్తుంది?

లేబుల్ మీద 1855 అన్న అంకె చూసి మురిసిపోయినట్టున్నావు. ఆ ఏడాది పారిస్‌లో జరిగిన ప్రదర్శన కోసం ఇక్కడి దళారులు అప్పటి ధరల్ని బట్టి మెడోక్ ప్రాంతంలో (నీ పోయాక్ కూడా అందులోదే) వైన్ చేసే ఎస్టేట్లను అయిదు తరగతులుగా విడగొట్టారు. ఆ తర్వాత అందులో పెద్ద మార్పు అంటే 1973లో మూతోన్ రోత్‌షిల్డ్ అనే ఎస్టేట్‌ను రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కించడమే. ఆ పట్టికకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వు. కానీ నీ గ్లాసులో ఉన్నది ఎలా ఉందో చెప్పేది పట్టిక కాదు, నీ నాలుకే.

పోయాక్ నేలంతా గులకరాళ్లు. వాన పడితే నీరు నిలవదు, పగటి వేడి రాత్రి దాకా రాళ్లలో ఉంటుంది. ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్షకు అదే కావాలి. దాని పండు చిన్నది, తొక్క మందం. రంగూ వగరూ ఉండేది తొక్కలోనే కాబట్టి ఆ వైన్‌కు రెండూ దండిగా వస్తాయి. 2016లో వేసవి మొదలయ్యేదాకా వానలు దంచికొట్టాయి, తర్వాత ఎండ కాసింది, సెప్టెంబరులో రాత్రిళ్లు చల్లబడ్డాయి. అందుకే ఆ ఏటి వైన్లలో వగరు ఎంత ఉందో పులుపు కూడా అంత తాజాగా నిలిచింది. ఎక్కువ కాలం నిలవాలంటే ఈ రెండూ ఉండాల్సిందే. అలాంటి ఏడాది వచ్చిన మంచి పోయాక్‌కు తొలి పదేళ్లూ కుర్రతనం కిందే లెక్క.

తాగబోయే రోజు రెండు గంటల ముందే బిరడా తీసి, వైన్‌ను వెడల్పాటి గాజు కూజాలోకి వంపు. ఈ వయసు వైన్‌కు గాలి మంచిది. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకు. తెల్ల కాగితం మీద గ్లాసును వంచి అంచు చూడు. నడుమ చిక్కటి ఎరుపు, అంచున కొంచెం ఊదా ఉంటాయి. ముందు గ్లాసును కదపకుండా వాసన చూడు, తర్వాత నెమ్మదిగా తిప్పి మళ్లీ చూడు. మొదట తగిలేది నల్ల కర్రంటు పండు, అదే మీ తులూజ్ కొట్లలో జామ్‌గా అమ్మే కాస్సిస్. దాని వెనకాల కొద్దిగా వెనిల్లా, కాల్చిన రొట్టె. అవి ద్రాక్షవి కావు, ఏడాదిన్నర, రెండేళ్ల పాటు వైన్ నిలవున్న 225 లీటర్ల ఓక్ పీపావి. ఇంకాసేపు ఓపిక పడితే అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసన వస్తుంది. పోయాక్ వైన్‌ను ఇక్కడివాళ్లు ఎక్కువగా గుర్తుపట్టేది దానితోనే.

ఒక గుక్క తీసుకుని వెంటనే మింగకు. చిగుళ్లకూ బుగ్గల లోపలికీ పాకనివ్వు. పచ్చి వక్క నమిలినట్టు నోరంతా పట్టేస్తుంది. భయపడకు, అది టానిన్, ద్రాక్ష తొక్క నుంచి వచ్చే వగరు పదార్థం. దాన్ని బట్టి వైన్ బాగాలేదని తేల్చేయకు. ఆ వగరు కింద పండు రుచి నిలబడి ఉందా లేదా అన్నదే నువ్వు చూడాల్సింది. మింగాక ఆ రుచి ఎంతసేపు నిలుస్తుందో గమనించు. మామూలు వైన్ రుచి చప్పున జారిపోతుంది, మంచిది మాట్లాడుతూ కూర్చున్నా నోట్లోనే ఉంటుంది. వందకు ఇన్ని మార్కులు అని వేసే పద్ధతి నీకొద్దు. ఒక నోటుబుక్కులో తేదీ, అంచు రంగు, తగిలిన వాసనలు, వగరు ఎంత ఉంది, రుచి ఎంతసేపు నిలిచింది, ఈ అయిదు ముక్కలు రాసి పెట్టుకో. తర్వాతి సీసా తెరిచినప్పుడు ఆ పేజీ నీకు చాలా పనికొస్తుంది.

సీసాలో జరిగేది ఇదీ. టానిన్ అణువులు ఒకదానితో ఒకటి, రంగునిచ్చే అణువులతోనూ ముడిపడుతూ పెద్దవవుతాయి. అలా ముడిపడ్డ వాటిలో కొన్ని బరువెక్కి మడ్డిగా అడుగుకు దిగుతాయి. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ వగరు మెత్తబడుతుంది, ఎర్ర వైన్ రంగు పలచబడుతుంది. అంచున ఊదా పోయి కెంపు, ఆపైన ఇటుక రంగు వస్తాయి. తాజా పండు వాసన ఎండు పండు వైపు జరుగుతుంది. దాని పక్కన తోలు, ఎండిన పొగాకు ఆకు, పుట్టగొడుగులు, వాన వెలిశాక అడవిలో తడి ఆకుల వాసన ఒక్కొక్కటే చేరతాయి. ఒకటి గుర్తుంచుకో. ఈ ప్రయాణం తిన్నగా సాగదు. మధ్యలో కొన్నేళ్లు వైన్ మూతి ముడుచుకుంటుంది. పండు వాసన ఉండదు, ముసలితనపు వాసనలు ఇంకా వచ్చి ఉండవు, వగరు ఒక్కటే మిగులుతుంది. అలాంటప్పుడు సీసా తెరిచి, మోసపోయానని గోల చేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ వైన్‌లో తప్పేమీ లేదు, మిగతా సీసాల జోలికి కొన్నాళ్లు పోకుండా ఉంటే చాలు.

పాతదైతే చాలు గొప్పదనే భ్రమ మనవాళ్లకు ఎక్కువ. ఫ్రాన్సులో చేసే వైన్లలో చాలా భాగం రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే. వాటిని దాస్తే ఉన్న పండు పోతుంది, కొత్తగా వచ్చేది ఏమీ ఉండదు. మెర్లో రకం ద్రాక్ష ఎక్కువగా ఉండే, ఇక్కడి నదికి కుడి ఒడ్డునున్న పోమెరోల్ ఊరి వైన్లు సాధారణంగా మీ పోయాక్ కంటే ముందే మెత్తబడతాయి. ఇక తడిసిన అట్టపెట్టె, బూజు వాసన వస్తే అది వయసు వాసన కాదు, బిరడా నుంచి పట్టిన చెడు. ఎంతసేపు గాలి తగలనిచ్చినా పోదు. కొట్టుకు తిరిగి తీసుకెళ్లి అడుగు.

ముదిరిన సీసాను తెరిచే పద్ధతి వేరు. ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టు, మడ్డి అడుగుకు దిగుతుంది. పాత బిరడా తిప్పుడు మరకు పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి రెండు పలకలుండే పట్టుకారు కొనుక్కో. సీసా మెడ వెనక కొవ్వొత్తి పెట్టి, చెయ్యి వణకకుండా కూజాలోకి ఒక్క ధారగా వంపు. మెడ దగ్గరికి నల్లటి పొగలాంటి జీర రాగానే ఆపేయి. అడుగున మిగిలిన కాస్తకూ కక్కుర్తి పడకు. ఇలాంటి వైన్‌ను గంటల తరబడి గాలికి వదలకూడదు, సువాసన ఎగిరిపోతుంది. వంచిన వెంటనే తాగాలి.

వైన్‌ను గది వేడిలో ఇవ్వాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాట పుట్టినప్పటి ఫ్రెంచి ఇళ్లు చల్లగా ఉండేవి. 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. మీ ఫ్లాటులో అయితే తాగే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. దాని పక్కన వడ్డించే కూరలో కారం తగ్గించమని అమ్మాయితో చెప్పు. గోంగూర మాంసానికి నేను ప్రాణమిస్తాను, కానీ మిరపకారం తగిలితే ఈ వగరు చేదెక్కుతుంది. మిరియాలు వేసి కాల్చిన గొర్రె మాంసం చెయ్యండి, కొవ్వు తగిలితే వగరు ఒదుగుతుంది.

మీ నాన్నగారికి ఒక సీసా విజయవాడ పంపాలనుకుంటే, ఆయన చేతికందిన వారంలోనే తాగమను. అక్కడి బీరువాలో ఒక్క ఎండాకాలం ఉంటే చాలు, వైన్ ఉడికిపోతుంది. 12, 14 డిగ్రీల మధ్య, చీకట్లో, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టి ఉంచాలి. అటక దానికి పనికిరాదు.

ఇప్పుడు ఒకటి తెరువు. రెండోది నాలుగైదేళ్లు ఆగి, మూడోది ఇంకో అయిదేళ్లకు. మిగతావి ఎప్పుడన్నది ఆ మూడోదే చెబుతుంది. మీ ఇంట్లో చల్లని చోటు లేదు కాబట్టి ఒక సీసా ఉంచుకుని మిగతావి నా నేలమాళిగలో పెట్టు. పెట్టె మీద నీ పేరు పెద్ద అక్షరాలతో రాయి. లేకపోతే మీ అత్తయ్య ఏ ఆదివారమో చుట్టాలకు తెరిచేస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య