చెయ్యి ముందు కదిలితే ఏ మాట రాయాలి?

ప్రశ్న: "బస్సు కుదుపుకి పక్క సీట్లో పిల్లాడు ముందుకు పడబోతే, ఆమె అనాలోచితంగా చెయ్యి అడ్డం పెట్టింది" అని ఒక కథలో రాశాను. మా అన్నయ్య చదివి 'అనాలోచితంగా' అక్కడ నప్పలేదన్నాడు. ఆలోచించకుండా చేసిందే కదండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అన్నయ్యది మంచి చెవి అమ్మా. 'అనాలోచితంగా' అన్న మాటలో నింద ఉంది. ఆలోచించి తీరాల్సిన చోట ఆలోచించలేదని దాని అర్థం. అందుకే పేపర్లలో 'అనాలోచిత నిర్ణయం', 'అనాలోచిత వ్యాఖ్య' అని చదువుతుంటాం. పొలం అమ్మిన డబ్బంతా ఎవరో చెప్పారని చిట్టీల్లో పోసినవాడు అనాలోచితంగా పోశాడు. పిల్లాడు పడిపోతుంటే చెయ్యి చాచిన ఆమెను ఆ వరసలో నిలబెట్టకండి.

'అప్రయత్నంగా' రాయొచ్చు. అందులో నింద లేదు, కాస్త మెత్తదనం కూడా ఉంది. ఎన్నాళ్ళకో ఊరెళ్ళి అమ్మమ్మగారి వాకిట్లో ముగ్గు చూస్తే కళ్ళు అప్రయత్నంగా చెమరుస్తాయి. కానీ మీ వాక్యంలో బస్సు కుదుపు ఉంది. అంత పొడుగు మాట పూర్తయ్యేలోగా పిల్లాడు పడిపోతాడు! నేనైతే 'చటుక్కున' అంటాను. 'తటాలున' కొంచెం పుస్తకాల మాట. 'గభాలున' అంటే మనిషి మొత్తం లేచినట్టుంటుంది. 'ఠక్కున' సమాధానం చెప్పడానికి బాగుంటుంది.

'అసంకల్పితంగా' అని కూడా కొందరు రాస్తున్నారు. బడిలో చదువుకున్న 'అసంకల్పిత ప్రతీకార చర్య' గుర్తుందా? వేడి గిన్నె తగలగానే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. ఆ ఆదేశం వెన్నుపాము నుంచే వస్తుంది, కాలిందన్న సంగతి మెదడుకి ఆ తర్వాత తెలుస్తుంది. రెప్ప కొట్టుకోవడం, తుమ్మడం లాంటివాటికి ఆ మాట సరిపోతుంది. కథలో పెడితే మాత్రం సైన్సు పాఠం వాసన వేస్తుంది.

సంకల్పం అంటే మనకు పూజలో తెలుసు. తిథి, వారం, గోత్రం, పేరు చెప్పుకుని, ఈ పని నేను చేయబోతున్నానని ముందుగా మనసులో నిలుపుకోవడం. అక్కడ మంత్రం నోరు తిరగని వాళ్ళు 'మమ' అంటే చాలు. మనసు పెట్టకుండా పని ముగించడాన్ని 'మమ అనిపించడం' అంటున్నది అందుకే. 'మొక్కుబడిగా' కూడా దేవుడి ముందు నుంచి వచ్చినదే. మనసు లేని పనికి మాటల్ని మన భాష పూజగదిలోంచి తెచ్చుకోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అసలు ఇలాంటి చోట 'గా' చేర్చిన మాట అక్కర్లేకుండానే తెలుగు పని జరిపిస్తుంది. "నాకు తెలియకుండానే చెయ్యి అడ్డం వెళ్ళింది" అనండి. పని చేసింది మనిషి కాదు, చెయ్యి. 'నోరు జారింది', 'కాళ్ళు అటే నడిచాయి' అనేవీ ఇలాంటివే. క్రియకు 'వేయు' చేర్చినా చాలు. 'ఒప్పుకున్నాను' అంటే ఆలోచించి కావచ్చు. 'ఒప్పేసుకున్నాను' అంటే నోరు ముందు పడిందని వినగానే తెలుస్తుంది.

ఒక్కటి చెప్పాలి. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పాను. ఒకసారి ఏడో తరగతిలో పద్యం అప్పజెప్పలేక ఆగిపోయిన అమ్మాయితో "నీకు పద్యం అబ్బదులే, కూర్చో" అనేశాను. పదేళ్ళ తర్వాత తన పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, ఆ రోజు నుంచి పద్యం నోటికి తెచ్చుకోలేదని చెప్పింది. "యథాలాపంగా అన్నానమ్మా" అనబోయి ఆగాను. యథాలాపంగా అనేది పట్టించుకోనక్కర్లేని మాటకు. "వాన పడేలా ఉందే" అనడం యథాలాపం. బిడ్డతో నేనన్నది అనాలోచితంగా అన్న మాట. అలాగే చెప్పి, తప్పయిందన్నాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ప్రశ్న: 'యథాలాపంగా', 'యధాలాపంగా' – రెండూ కనిపిస్తున్నాయి. ఏది సరైనది?
– మరో పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మొదటిదే. యథా + ఆలాపం, మాట ఎలా వస్తే అలా అని. యథాతథం, యథాప్రకారం, యథాశక్తి అన్నింటిలోనూ 'థ'యే రాయండి. పొట్టలో చుక్క ఒక్కటే తేడా కావడంతో అచ్చులో తరచూ తారుమారవుతోంది. శుభలేఖ అచ్చువేయించేటప్పుడు ప్రూఫు మీరే ఒకసారి చూసుకోండి.