రాసినవాళ్లా, చదివేవాళ్లా: డిబేట్‌కి వెళ్లే అమ్మడికి

విశాఖపట్నం

అమ్మడూ, ఆశీస్సులు.

“రాజ్యాంగం రాసినవాళ్ల కంటే ఈనాటి పాఠకులకే అది బాగా అర్థమవుతుంది” అన్న అంశం మీద ఏ పక్షం వచ్చినా మాట్లాడాలన్నావు. ముందు ‘అర్థం కావడం’ అన్న మాటని రెండుగా విడదీయి. ఒక పదాన్ని ఎందుకు పెట్టారన్నది ఒకటి, అది జనం మీద ఎలా పనిచేసిందన్నది రెండోది. మొదటిదాంట్లో రాసినవాళ్లదే పైచేయి. రెండోది వాళ్లు చూడలేదు, మనం చూశాం. ఇది తేల్చకుండా దిగితే ఇరుపక్షాలూ వేర్వేరు సంగతుల మీద అరుచుకుంటాయి.

రాజ్యాంగం మొత్తాన్ని నెత్తికెత్తుకోకు. ఆమోదించిన నాడే 395 అధికరణలు. ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకీ రక్షణనిచ్చే 21వదాన్ని పట్టుకో. మొదట అనుకున్న ‘డ్యూ ప్రాసెస్’ని (చట్టం న్యాయంగా ఉందా అని కూడా జడ్జీలు చూడొచ్చనే అమెరికా మాట) తీసేసి ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అని పెట్టారు. రాజ్యాంగ సభ చర్చల ఏడో సంపుటంలో 1948 డిసెంబర్ 6, 13 తేదీలవి పూర్తిగా చదువు. అమెరికాలో జడ్జీలు ఆ మాటని అడ్డం పెట్టుకుని కార్మిక చట్టాల్ని కొట్టేశారన్నదే ముసాయిదా కమిటీ సభ్యుడు, మన నెల్లూరు జిల్లావారు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ భయం. అంబేద్కర్ మాత్రం చట్టసభని నమ్మినా ప్రమాదమే, ఐదారుగురు జడ్జీల్ని నమ్మినా ప్రమాదమేనని చెప్పి నిర్ణయం సభకే వదిలేశారు. అంటే ఆ మాట ఎటు దారితీస్తుందో తెలియదని రాసేవేళే ఒప్పుకున్నారు. అనుకూలపక్షం వస్తే ఇంతకంటే గట్టి ఆధారం నీకు దొరకదు. 1950లో గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు ఆ పదాల్ని ఉన్నదున్నట్టు చదివింది, చట్టంలో ఏ పద్ధతి ఉంటే అదే చాలంది. 1978లో మేనకా గాంధీ కేసులో అదే కోర్టు, ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలంది.

‘నిర్మాతలు ఇలా అనుకున్నారు’ అని ఎప్పుడూ అనకు. సంతకాలు చేసినవాళ్లు 284 మంది. ఎవరన్నారో, ఏ తేదీనో చెప్పు. వీగిపోయిన సవరణతో మరీ జాగ్రత్త. అకారణ సోదాల నుంచి రక్షణ కావాలని సభ సభ్యుడు కాజీ సయ్యద్ కరీముద్దీన్ సవరణ పెట్టారు. అది వీగిపోయింది కాబట్టి గోప్యత హక్కు వద్దనుకున్నారని ఎదుటివాళ్లు అంటారు. 1948 డిసెంబర్ 3 చర్చ తెరిచి చూపించు: అంబేద్కర్ దాన్ని ఒప్పుకోడానికి సిద్ధపడ్డారు. ఓటు ఫలితం చెబుతుందే కాని కారణం చెప్పదు. 2017లో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మంది గోప్యతని ప్రాథమిక హక్కన్నారు.

మన ఊళ్లో మాట్లాడుతూ అనంతగిరిని వదలకు. బొర్రా చుట్టుపక్కల గిరిజనేతరులకి ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, 1/70లోని (ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదనే నిబంధన) ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందంది. ఇక్కడే చాలామంది జారిపడతారు. ఆ మాట రాజ్యాంగంలోది కాదు, గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూల్ కింద చేసిన నిబంధనలోది. షెడ్యూల్ ఉద్దేశాన్ని బట్టి కోర్టు నిబంధనని చదివిందని స్పష్టంగా చెప్పు, లేకపోతే మొదటి ప్రశ్నకే దొరికిపోతావు.

ప్రతిపక్షం వస్తే 1949 నవంబర్ 25 నాటి అంబేద్కర్ ప్రసంగం తీసుకో. ఈ రాజ్యాంగమే శాశ్వతమని ముద్ర వేయలేదని, నచ్చనివాళ్లకి సవరించుకునే దారి ఉందని ఆయన అన్నారు. మార్చుకునే తలుపు ఉండగా వ్యాఖ్యానంతో మార్చడమెందుకని అడుగు. నిజంగా కష్టమైన ప్రశ్న అది, నాకైతే ఆ పక్షమే బలంగా కనిపిస్తుంది.

నాలుగు నిమిషాలిస్తే అర నిమిషం ఆ విడదీతకి, రెండు నిమిషాలు 21కి, ఒకటి అనంతగిరికి. మిగిలిన అర నిమిషం రాసుకోకు, ఎదుటివాళ్లకి జవాబు కోసం ఖాళీగా ఉంచు. సమత తీర్పు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా వచ్చింది. ఆ ఒక్కరు రాసిన భాగం రెండుసార్లు చదువు, నిన్ను అడగబోయేవన్నీ అక్కడే ఉంటాయి.

నీ పెదనాన్న